రిపోర్టు ఎవరి చేతికి?

ప్ర: మా ఆయన లారీ నడుపుతాడు. నాగ్‌పూర్ రోడ్డెక్కితే పదిహేను రోజులకు గానీ ఇల్లు చేరడు. హెచ్‌ఐవీ పరీక్ష మాటెత్తితే ‘నా మీద అనుమానమా’ అని కస్సుమంటాడు. నేనొక్కదాన్నే చేయించుకుంటే చాలదా? నాకు లేదంటే ఆయనకూ లేనట్టే కదా?
- ఒక సోదరి, మేడ్చల్

జ: లేనట్టు కాదమ్మా. ఒకరికి ఉండి ఇంకొకరికి సోకని జంటలు చాలానే ఉంటాయి. పైగా ఈమధ్యే సోకి ఉంటే మొదటి కొన్ని వారాలు పరీక్షలో బయటపడకపోవచ్చు. అందుకే మూడు నెలలకు మళ్లీ చూస్తారు. అయినా ముందు మీరు వెళ్లండి. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) పరీక్ష ఉచితం. కౌన్సెలర్ మాట్లాడి, మీరు సరేనంటేనే రక్తం తీస్తారు. రిపోర్టు మీకే ఇస్తారు. ఆయన్ని ఎలా ఒప్పించాలో కూడా ఆ కౌన్సెలర్‌నే అడగండి, అది వాళ్లకు రోజూ ఉండే పనే. అంతవరకు కండోమ్ తప్పనిసరి. ఇరవై ఏళ్ల కిందట ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఊరూరా ఎయిడ్స్ ప్రచార హోర్డింగులు అడిగాయి. ఆ ప్రశ్నలో పులిరాజా భార్య ఊసు లేకపోవడం నాకు అప్పుడూ లోటుగానే తోచింది.

ప్ర: శామీర్‌పేట దగ్గర మాకు ఇటుక బట్టీ ఉంది. ఒడిశా కూలీలు కుటుంబాలతో వచ్చారు. అందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయించి, ఉన్నవాళ్లను వెనక్కి పంపిద్దామనుకుంటున్నాను. క్యాంపుకు ఎవరిని అడగాలి?
- బట్టీ యజమాని

జ: క్యాంపు ఆలోచన మంచిదే. పంపించేయడం మాత్రం చట్టవిరుద్ధం. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, హెచ్‌ఐవీ ఉందని పనిలోంచి తీసేయకూడదు. రిపోర్టు మీకు చూపించరు, మీరూ అడగొద్దు.

చట్టం సంగతి అలా ఉంచండి. వాళ్లలో ఎవరైనా ఇప్పటికే సొంతూళ్లో మందులు వాడుతుండొచ్చు. మీరు పంపించేస్తారని తెలిస్తే ఆ మనిషి మాత్రలు దాచేస్తాడు, అయిపోయినా అడగడు. మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. అదే రోజూ మాత్ర వేసుకుంటూ, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. వలస వచ్చినవాళ్లు ఇక్కడి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలోనూ మందులు తీసుకోవచ్చు. తమ చికిత్స పుస్తకం చూపిస్తే చాలావరకు పని సులువవుతుంది. గాంధీ ఆసుపత్రిలో ఆ కేంద్రం ఉంది. మీరు చేయాల్సిందల్లా, వెళ్లిన రోజు కూలి కోయకపోవడం.

క్యాంపు కోసం మీ పీహెచ్‌సీ డాక్టరును కలవండి, లేదా 1097కు ఫోన్ చేయండి, ఖర్చుండదు. బీపీ, షుగరు, టీబీ పరీక్షలతో కలిపి పెట్టమనండి. అప్పుడు ఎవరు దేనికి వచ్చారో పక్కవాళ్లకు తెలియదు. తెల్లవారుజామున పచ్చి ఇటుక పోసే వేళ పెడితే ఒక్కరూ రారు. సంతకెళ్లే రోజు సాయంత్రమైతే వస్తారు. మాటలు చెప్పడానికి ఒడియా వచ్చిన ఆడమనిషి ఉండాలి. కూలీలను తెచ్చిన సర్దారును మాత్రం దూరంగా కూర్చోబెట్టండి. అడ్వాన్సు లెక్కలు అతని చేతిలో ఉంటాయి, అతని ఎదుట ఎవరూ నోరు విప్పరు.

ప్ర: కండోమ్ చిరిగిపోయింది. ఏదో మందు ఉందట కదా, నిజమేనా?
- పేరు వద్దు

జ: ఉంది. 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మీ ఉత్తరం మాకు చేరేసరికే ఆ గడువు దాటింది. ఇప్పుడిక, అది జరిగిన ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే ఉత్తరం రాస్తూ కూర్చోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.