వేగం పెంచిన కంప్యూటరు ఎందుకు తడబడుతుంది?

విడిభాగాలు కొనితెచ్చి ఇంట్లోనే ఒక కంప్యూటరు బిగించారనుకోండి. అందులోని ప్రాసెసర్ 4.0 గిగాహెర్ట్జ్ వేగానికి తయారైంది. వేగం పెంచుకోవడానికి వీలున్న రకం. దాన్ని 4.4కు పెంచారు. ఇలా పెంచడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. చిన్న పనులన్నీ చక్కగా చేసింది. పెద్ద లెక్క ఒకటి అప్పగించిన పది నిమిషాలకు మాత్రం తెర నీలంగా మారి, పని ఆగిపోయింది. లోపం ఎక్కడుంది?

ఇల్లు కట్టేచోట కూలీలు వరసగా నిలబడి, ఒకే తాళానికి కదులుతూ, ఇటుకలు చేతినుంచి చేతికి అందిస్తూంటారు. తాళం మరీ త్వరగా పడితే ఏమవుతుంది? ఒక ఇటుక అవతలి చేతికి చేరకముందే రెండోది వస్తుంది, జారిపడుతుంది. ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లకు ఈ తాళం వేసేది క్లాక్ సంకేతం. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. ఏ.టి. కంప్యూటరుకు ఇది 6 మెగాహెర్ట్జే. కొందరు లోపలి క్వార్ట్జ్ స్ఫటికం మార్చి 8కి పెంచుకున్నారు. ఇక 4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 400 కోట్ల తాళాలు. ఒక తాళం పడే వ్యవధిలో కాంతి సైతం ఏడున్నర సెంటీమీటర్లే పోగలదు!

వోల్టేజి కాస్త పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా మారతాయి. కాని వేడీ పెరుగుతుంది. ఖర్చయ్యే విద్యుత్తు సుమారుగా వోల్టేజి వర్గానికీ, వేగానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజిని 1.20 నుంచి 1.30కి, వేగాన్ని 4.0 నుంచి 4.4కు పెంచారనుకోండి. లెక్క వేస్తే విద్యుత్తు 1.29 రెట్లవుతుంది. పది శాతం వేగానికి 29 శాతం అదనపు వేడి!

తెర నీలమై ఆగిపోతే తప్పు జరిగిందని మనకు తెలుస్తుంది. ఆగకుండా తప్పు జవాబు రాసుకుంటూ పోయే కంప్యూటరు ఇంకా ప్రమాదం. మీరు దాచుకున్న ఫైళ్ళు మీకు తెలియకుండానే పాడవుతాయి. అందుకే జవాబు ముందే తెలిసిన లెక్కలిచ్చి పరీక్షించాలి. 1996లో మొదలైన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకు వాడే ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఇలాంటి పరీక్ష పెడుతుంది.

ఇప్పుడు లోపం వెతుకుదాం. నియమం ఒక్కటే: ఒకసారికి ఒకే మార్పు.

మొదట, ముఖ్యమైన ఫైళ్ళకు వేరే నకలు తీసి, అన్ని అమరికలనూ తయారైననాటి స్థితికి తెండి. అప్పటికీ తప్పులొస్తే దోషం ఓవర్‌క్లాకింగ్‌ది కాదు. మెమరీనో, పవర్ సప్లైనో అనుమానించాలి.

రెండవది, మెమరీ. దాని వేగాన్ని కూడా పెంచి ఉంటే తగ్గించి, మెమ్‌టెస్ట్86తో పరీక్షించండి.

మూడవది, ప్రాసెసర్. మూల వేగం 100 మెగాహెర్ట్జ్ అయితే గుణకం 40 ఉన్నప్పుడు 4.0 గిగాహెర్ట్జ్ వస్తుంది. గుణకాన్ని ఒక్కొక్కటే పెంచుతూ, ప్రతిసారీ పరీక్ష పెట్టి, ఉష్ణోగ్రత గమనించండి. అది 95, 100 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరితే దోషం వేడిది. ఫ్యాను తిరుగుతోందా, దుమ్ము పట్టిందా, ప్రాసెసర్‌పై పూసిన పేస్టు సమంగా ఉందా చూడాలి. 70 డిగ్రీల దగ్గరే తప్పులొస్తే తాళం వేగానికి వోల్టేజి చాలడం లేదన్నమాట. గుణకం ఒకటి తగ్గించడం క్షేమం. వోల్టేజి హద్దు మీరితే ప్రాసెసర్ శాశ్వతంగా చెడిపోతుంది. పెద్దల సలహా లేకుండా దాని జోలికి పోవద్దు.

అసలు కంప్యూటరే మొదలవకపోతే కంగారుపడకండి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పినట్లు పాత అమరికలు చెరిపేస్తే సాధారణంగా మళ్ళీ మొదలవుతుంది.

ప్రతి పరీక్షకూ వేగం, వోల్టేజి, ఉష్ణోగ్రత, ఫలితం నోటుపుస్తకంలో గడులు గీసి రాయండి. 4.4 దగ్గర ఎనిమిది నిమిషాల్లో తప్పు, 4.3 దగ్గర రాత్రంతా ఒక్క తప్పూ లేదు అని తేలిందా? అయితే మీ కంప్యూటరుకు తగిన వేగం 4.3. ఆ సంగతి మీకు చెప్పింది మీ నోటుపుస్తకమే.