పిప్పిపంటికి తొడుగు

బిడ్డకు ఇంచుమించు ఆరవయేట పాలదవడపండ్లకు వెనుకగా ఒక పెద్ద దవడపన్ను మొలచును. ఏ పాలపన్నును రాలకయే ఇది వచ్చును గనుక తల్లులు దీనినికూడ పాలపన్నేయని తలంతురు. పుచ్చినను ఊడి మరల మొలచునులే యని ఉపేక్షింతురు. అది మరల మొలవదు. ముసలితనము వరకు నమలవలసినది దానితోనే.

పంటి పైపొరకన్న గట్టి పదార్థము మన శరీరములో లేదు. ఐనను తీపిని తిని సూక్ష్మజీవులు పుట్టించు ఆమ్లము దానిని కరగించును. గుంట చిన్నదైనచో పూడ్చిన చాలును, తొడుగు అక్కరలేదు. గుంట లోతై నడిమి గుజ్జును చెరచినచో, వైద్యుడు ఆ గుజ్జును తీసివేసి, వేరులోని సన్నని నాళములను శుభ్రపరచి మూసివేయును. దీనినే రూట్ కెనాల్ అందురు. నొప్పి పోవును. చిక్కంతయు ఇచటనే యున్నది.

నొప్పి పోగానే పని ముగిసినదని మనము మరల వైద్యుని గడప తొక్కము. కాని గుజ్జును చేరుటకై పంటి పైభాగమును తొలిచినారు గదా! మిగిలినవి పలుచని గోడలు. కప్పులేని మట్టిగోడ వానకు నిలువనట్లే, ఇవి నమలునప్పటి ఒత్తిడికి నిలువవు. చీలిక వేరులోనికి దిగినచో సాధారణముగా పన్ను పీకివేయవలసినదే. ఈ వ్యాసకర్త ఇట్లే బరంపురములో చికిత్స చేయించుకొని, తొడుగునకు రమ్మన్న మాటను పెడచెవిని బెట్టి, సంక్రాంతి నాడు చెరకు కొరికినాడు. ఆ పంటి చోటు నేటికిని ఖాళీగానే యున్నది. తప్పు వైద్యునిది కాదు.

తొడుగు వేయుట భయపడవలసిన పని కాదు. పంటిని చుట్టును, పైనను కొద్దిగా అరగదీసి, అచ్చు తీసికొని, ఆ కొలతకు లోహముతోనో పింగాణీతోనో జిర్కోనియాతోనో తొడుగు చేయించి సిమెంటుతో అతికింతురు. సాధారణముగా రెండుమారులు పోవలసియుండును. నడుమ దినములలో తాత్కాలికపు తొడుగు ఉంచుదురు; ఆ ప్రక్క జీళ్లు, చిక్కీలు నమలరాదు. క్రొత్త తొడుగు ఎత్తుగా తగిలినచో సిగ్గుపడక వెంటనే చెప్పవలెను.

పాలదవడపండ్లకు తయారుగా దొరకు స్టీలు తొడుగులు కలవు. 1950 నాటినుండి ఇవి పిల్లల వైద్యములో వాడుకలో నున్నవి. రాలిపోవు పంటికి ఈ ఖర్చేలయని కొందరడుగుదురు. ఆ పన్ను పది, పండ్రెండేండ్ల వరకు క్రింది పంటికి చోటు కాచుచుండును. ముందే పోయినచో ప్రక్కపండ్లు ఒరిగి ఆ చోటు నాక్రమించును.

చికిటి వారికి బరంపురమే దగ్గర. అచట 1962లో స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రిలో దంతవైద్య విభాగము కలదు. ఎచటికి పోయినను, తొడుగు కూడ అచటనే వేయుదురా, ఎన్నిమారులు రావలెను, మొత్తమెంతగును అని మొదటినాడే అడుగుడు. ఒడియాలో అడుగుటకు జంకు పెద్దలు బడికి పోవు బిడ్డను వెంట గొనిపోవచ్చును. మన పిల్లలు ఈ దుబాసీ పనిలో గట్టివారే.

తొడుగు పుచ్చదు గాని దాని అంచున, చిగురు దగ్గర, లోపలి పన్ను పుచ్చవచ్చును. కావున బ్రష్షు ఆ అంచు మీదనే మెత్తగా ఆడవలెను, రాత్రి పరుండబోవు ముందు తప్పక.