యాప్‌లో డబ్బు ఏ దారిన రావాలి? - పాల సంఘాలకు ఒక పాఠము



పాల సంఘాలకు నేడు సెల్‌ఫోనుతో పని పెరిగింది. పూటపూటా పోసిన పాల లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., బిల్లు మొత్తము ఫోనులోనే చూసుకునే సభ్యులు ఉన్నారు. పట్టణ వినియోగదారులకు పాలు, పెరుగు, నెయ్యి యాప్ ద్వారా అమ్మాలని ఆలోచించే సంఘాలు, యూనియన్లు కూడా ఉన్నవి. ఇటువంటి ఆలోచన పాలకవర్గం ముందుకు వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: కొనేవారు చెల్లించే డబ్బు ఏ దారిన సంఘం ఖాతాకు చేరుతుంది? దారి సరిగా ఎంచుకోకపోతే రూపాయికి 15 పైసలో, 30 పైసలో మధ్యలోనే పోవచ్చు. లేదా యాప్ మొత్తంగా తొలగింపబడవచ్చు. కనుక ఈ విషయాన్ని యాప్ తయారుచేసేవారికే వదలివేయక, సభ్యులందరూ తెలుసుకోవాలని ఈ పాఠము వ్రాస్తున్నాము.

1. సంత, ఆశీలు

యాప్‌లు ఎక్కువగా రెండు పెద్ద దుకాణాల ద్వారా మన ఫోనులోకి వస్తాయి. ఒకటి ఆపిల్ కంపెనీవారి యాప్ స్టోర్. ఇది 2008 జూలైలో ప్రారంభమైంది. రెండవది గూగుల్ కంపెనీవారి దుకాణము. అది 2008లోనే వేరొక పేరుతో మొదలై, 2012 మార్చిలో ప్లే స్టోర్ అయింది. 

పశువుల సంతను తలచుకుంటే దీని తీరు తేలికగా అర్థమవుతుంది. సంతలో అమ్మకం జరిగితే గుత్తదారుడు ఆశీలు వసూలు చేస్తాడు. ఈ స్టోర్లు కూడా అలాగే ఆశీలు తీసుకుంటాయి. చాలాకాలం ఆ రేటు నూటికి 30. చిన్న వ్యాపారులకు ఇది భారమన్న విమర్శ వచ్చిన తరువాత, సంవత్సరానికి 10 లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్నవారికి ఆపిల్ 2021 జనవరి 1 నుండి 15 శాతం రేటు పెట్టింది. గూగుల్ 2021 జూలై 1 నుండి ప్రతి సంవత్సరం మొదటి 10 లక్షల డాలర్ల రాబడిపై 15 శాతం రేటు అమలుచేసింది. 

అయితే సంతలో అమ్మని సరుకుకు సంత ఆశీలు ఉండదు గదా! మన ఇంటి వాకిట్లో గేదెను అమ్ముకుంటే గుత్తదారునికి ఇవ్వవలసినది ఏమీ లేదు. స్టోర్ల నియమాలలో కూడా ఇటువంటి తేడాయే ఉన్నది. ఈ పాఠానికి అదే మూలము.

2. అసలు సూత్రము

కొన్న వస్తువు ఎక్కడ వాడుకలోకి వస్తుంది అని అడగండి. ఫోనులోపలనా? ఫోను బయటనా?

ఫోనులోపలే వాడుకునేవి ఉంటాయి. డబ్బు కట్టి చూసే వీడియో పాఠాలు, చదివే పత్రిక, ఆటలలోని వస్తువులు, యాప్‌లో అదనపు సౌకర్యాలు ఇటువంటివి. వీటిని యాప్‌లో అమ్మాలంటే ఆ స్టోరు వారి బిల్లింగు పద్ధతినే వాడాలన్నది సాధారణ నియమము. అక్కడ ఆశీలు పడుతుంది.

ఫోను బయట వాడుకునేవి వేరు. పాలు, నెయ్యి, దాణా, బట్టలు, బస్సు ప్రయాణము ఇటువంటివి. వీటికి స్టోరు బిల్లింగు వాడనక్కరలేదు. అంతేకాదు, వాడనే కూడదు. బయట వాడుకునే వస్తువులకు, సేవలకు వేరే చెల్లింపు పద్ధతి వాడాలని ఆపిల్ నియమము చెబుతుంది. కిరాణా సరుకుల వంటి వస్తువులకు, ప్రయాణము వంటి సేవలకు, కరెంటు బిల్లుల వంటి వాటికి తన బిల్లింగు వాడరాదని గూగుల్ నియమము చెబుతుంది. కావున పాల డబ్బుపై స్టోర్లకు ఆశీలు లేదు.

3. మన పనులకు ఈ సూత్రము ఎలా వర్తిస్తుంది?

(అ) పాలు, పెరుగు, నెయ్యి అమ్మకము: ఇవి బయటి వస్తువులు. యు.పి.ఐ., కార్డు, నెట్ బ్యాంకింగు, ఇంటివద్ద నగదు, ఏదైనా పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశమున్నది. నెలకు సరిపడా పాలకు ముందుగా డబ్బు కట్టించుకోవడాన్ని 'సబ్‌స్క్రిప్షన్' అంటారు. స్టోరు బిల్లింగులో కూడా అదే మాట ఉంటుంది. మాట ఒకటైనంత మాత్రాన దారి ఒకటి కాదు. నెలవారీ పాలు కూడా పాలే.

(ఆ) దాణా, మినరల్ మిక్చర్, కృత్రిమ గర్భధారణ రుసుము: దాణా బయటి వస్తువు. గర్భధారణ పశువు దగ్గర జరిగే సేవ. ఇవి కూడా స్టోరు బిల్లింగు బయటివే.

(ఇ) పశుపోషణపై రుసుము పెట్టి చూపే వీడియో పాఠాలు: ఇవి ఫోనులోపలి సరుకు. యాప్‌లో అమ్మితే స్టోరు నియమము వర్తిస్తుంది.

(ఈ) పశువైద్యునితో ఫోనులో ముఖాముఖి సలహా: ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అప్పటికప్పుడు ఇచ్చే సేవకు వేరే చెల్లింపు పద్ధతి వాడుకోవచ్చునని ఆపిల్ నియమము. అదే వైద్యుడు ఒకేసారి యాభై మందికి రుసుముపై పాఠము చెబితే అది ఫోనులోపలి సరుకు క్రిందికి వస్తుంది.

(ఉ) సభ్యులకు సంఘం చెల్లించే పాల బిల్లు: ఇది అమ్మకం కాదు. సంఘం ఖాతా నుండి సభ్యుని ఖాతాకు బ్యాంకు ద్వారా పోయే సొమ్ము. యాప్‌లో దాని వివరము చూపినంత మాత్రాన స్టోరుకు ఏమీ ఇవ్వనక్కరలేదు.

ఒకే యాప్‌లో పాలు, పాఠాలు రెండూ ఉంటే రెండు గల్లాపెట్టెలు ఉన్నట్లు భావించాలి. పాల డబ్బు ఒక పెట్టెలో, పాఠాల డబ్బు మరొక పెట్టెలో పడాలి. రెండింటినీ కలపరాదు.

4. లెక్క వేసి చూద్దాము

ఒక సంఘం రోజుకు 500 లీటర్ల పాలు లీటరు 60 రూపాయల చొప్పున పట్టణంలో అమ్ముతున్నదని అనుకుందాము. ఉత్పత్తిదారునికి 45 రూపాయలు, శుద్ధి, ప్యాకింగు, రవాణా ఖర్చులకు 12 రూపాయలు పోగా సంఘానికి లీటరుకు 3 రూపాయలు మిగులుతున్నవనుకుందాము. అంటే రోజుకు 1,500 రూపాయలు, 30 రోజుల నెలకు 45,000 రూపాయలు మిగులు.

రోజు అమ్మకము 30,000 రూపాయలు. దీనిపై ఎవరైనా నూటికి 15 తీసుకుంటే రోజుకు 4,500 రూపాయలు, నెలకు 1,35,000 రూపాయలు పోతాయి. మిగులుకు మూడు రెట్లు! చిల్లికుండలో పాలు పోసినట్లే. పాల అమ్మకాన్ని స్టోరు బిల్లింగులో పెట్టడము నియమాలకే విరుద్ధము. పెట్టినా గిట్టదు.

అదే సొమ్ము కార్డుల ద్వారా వచ్చి, గేట్‌వే కంపెనీ నూటికి 2 తీసుకుంటే రోజుకు 600 రూపాయలు, నెలకు 18,000 రూపాయలు పోతాయి. మిగులులో ఇది దాదాపు 40 శాతము. అనగా స్టోరు ఆశీలు తప్పినంత మాత్రాన పని అయిపోలేదు. బయటి దారులలో కూడా చవకైనది వెదకాలి.

5. బయటి దారులలో ఏది మేలు?

యు.పి.ఐ. పద్ధతిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టింది. వినియోగదారుడు తన బ్యాంకు ఖాతా నుండి యు.పి.ఐ. ద్వారా వ్యాపారికి చెల్లించే సొమ్ముపైన, రూపే డెబిట్ కార్డుపైన బ్యాంకులు వ్యాపారి వద్ద కోత విధించరాదన్న ఏర్పాటు 2020 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. లీటరుకు రెండు, మూడు రూపాయల మిగులుపై బ్రతికే పాల సంఘానికి ఇది పెద్ద మేలు. అయితే యు.పి.ఐ.కి జోడించిన క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే రుసుము ఉండవచ్చు. గేట్‌వే కంపెనీ తన సేవకు వేరుగా రుసుము అడగవచ్చు. ఒప్పందములో ఏ దారికి ఎంత అని విడివిడిగా వ్రాయించుకోవాలి.

నెలనెలా పాలు తీసుకునేవారికి యు.పి.ఐ. ఆటోపే అనువైనది. ఇది 2020 జూలైలో వచ్చింది. వినియోగదారుడు ఒకసారి అనుమతి ఇస్తే, నిర్ణయించిన తేదీన సొమ్ము దానంతట అదే జమ అవుతుంది. 2022 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఈ విధమైన చెల్లింపుల పరిమితిని 5,000 నుండి 15,000 రూపాయలకు పెంచింది. ఆ పరిమితి లోపల ప్రతిసారీ పిన్ కొట్టనక్కరలేదు. ఇంటి పాల బిల్లుకు ఇది సరిపోతుంది. సొమ్ము తీసుకోబోయే ముందు వినియోగదారునికి సమాచారం అందుతుంది. అతడు ఎప్పుడైనా అనుమతిని రద్దు చేసుకోవచ్చు.

నగదును పూర్తిగా మానవలసిన పని లేదు. ఫోను వాడని వృద్ధులు, చిన్న హోటళ్ళవారు ఉంటారు. వారికి రసీదు ఇచ్చి నగదు తీసుకోవాలి.

6. పాఠాలు, పత్రికల సంగతి

ఫోనులోపలి సరుకుకు మూడు దారులున్నవి.

మొదటిది, ఉచితముగా ఇవ్వడము. డబ్బు లేనిచోట ఆశీలు లేదు. సభ్యుల శిక్షణ సంఘం బాధ్యతలలో ఒకటి గనుక ఇది చాలా సంఘాలకు తగిన దారి.

రెండవది, స్టోరు బిల్లింగు ద్వారా అమ్మడము. సంవత్సరానికి 100 రూపాయల చొప్పున 1,000 మంది చేరితే 1,00,000 రూపాయలు వస్తుంది. నూటికి 15 చొప్పున 15,000 పోయి 85,000 మిగులుతుంది. పన్నులు వేరు. ఎరగని ఊళ్ళవారికి, దూర ప్రాంతాలవారికి అమ్మేటప్పుడు ఇది తేలిక. వసూలు బాధ్యత స్టోరుదే. అయితే సొమ్ము ఏ రోజుకారోజు చేతికి రాదు.

మూడవది, చందాను సంఘం కార్యాలయములో తీసుకొని, సభ్యునికి ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరుతో యాప్ తెరిచి చదువుకోనివ్వడము. వేరేచోట కొన్నదానిని యాప్‌లో చూసుకోవడానికి మాత్రమే ఉపయోగపడే యాప్‌లను గూగుల్ అనుమతిస్తుంది. పత్రికలు, పుస్తకాలు, వీడియోల వంటి వాటికి ఆపిల్ కూడా ఇటువంటి వీలు ఇచ్చింది. మన సభ్యులు రోజూ పాల కేంద్రానికి వచ్చేవారే గనుక ఇది మనకు బాగా కుదిరే దారి. కాని 'కార్యాలయములో కడితే చవక' అని యాప్‌లోపల బోర్డు పెట్టవచ్చునా లేదా అన్నది ఆనాటి నియమము చూసుకొని తేల్చుకోవాలి. ఈ మాట పాల కేంద్రము గోడపైన వ్రాయడానికి మాత్రము ఏ అడ్డూ లేదు.

7. నియమాలు మారుతున్నవి

ఈ ఆశీలుపై ప్రపంచమంతటా వివాదాలు నడిచినవి. 2021లో దక్షిణ కొరియా, స్టోర్లు తమ బిల్లింగునే బలవంతము చేయరాదని చట్టము చేసింది. మన దేశములో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 25న ప్లే స్టోరు బిల్లింగు విధానముపై గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దానిని 216.69 కోట్లకు తగ్గించింది.

ఈ మధ్యకాలములో గూగుల్ మన దేశములో తన బిల్లింగు పక్కన మరొక చెల్లింపు పద్ధతిని పెట్టుకోనిచ్చింది. కాని ఆ దారిన వచ్చే సొమ్ముపై ఆశీలును 4 పాయింట్లు మాత్రమే తగ్గించింది. 15 ఉన్నచోట 11, 30 ఉన్నచోట 26 అయింది. అందులో గేట్‌వేకు 2 పోతే నిజముగా మిగిలేది నూటికి 2 మాత్రమే. లెక్కలు, వాపసుల పని అదనముగా మీద పడుతుంది. చిన్న సంఘానికి ఇది లాభమా అని ఆలోచించుకోవాలి.

నియమాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో 2024 మార్చి 1న కనబడింది. రుసుము చెల్లింపు వివాదముపై గూగుల్ కొన్ని భారతీయ యాప్‌లను ప్లే స్టోరు నుండి తొలగించింది. పెండ్లి సంబంధాల యాప్‌లు వాటిలో ఉన్నవి. కేంద్ర ప్రభుత్వము కల్పించుకున్న తరువాత అవి కొద్ది రోజులలో తిరిగి వచ్చినవి. పెద్ద కంపెనీలకు నోరున్నది, వకీళ్ళున్నారు. మన యాప్ వారం రోజులు ఆగితే పాలు ఆగవు. కాబట్టి ఏ ఒక్క దారిమీదనే ఆధారపడరాదు. వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఎవరికెన్ని లీటర్లు అన్న జాబితా సంఘం రిజిస్టరులో కూడా ఉండాలి.

8. పాటించవలసిన జాగ్రత్తలు

యు.పి.ఐ. సొమ్ము సంఘం పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే చేరాలి. అధ్యక్షునిదో, కార్యదర్శిదో సొంత నంబరు పెట్టరాదు. మనిషిపై నమ్మకము ఉన్నా లెక్క వేరు, నమ్మకము వేరు.

వచ్చిన సొమ్మును ప్రతిరోజూ బ్యాంకు లెక్కతో సరిచూడాలి. ఫోనులో చూపిన బొమ్మ రసీదు కాదు.

స్టోరు ఖాతా కూడా సంఘం పేరుననే తెరవాలి. గూగుల్ వద్ద ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్ వద్ద ఏటా 99 డాలర్లు నమోదు రుసుము ఉంటుంది. యాప్ తయారుచేసినవారి పేరున ఖాతా ఉంటే రేపు వారు మారితే యాప్ వారితోనే పోతుంది.

సభ్యులకు తప్పక చెప్పవలసిన మాట: యు.పి.ఐ. పిన్ డబ్బు పంపడానికే. పాల బిల్లు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు. కొట్టమన్నవారు మోసగాళ్ళు.

9. సంఘ సమావేశములో చర్చించండి

(1) మన సంఘం యాప్‌లో అమ్మదలచినవి ఏవి? వాటిలో ఫోనులోపలివి ఎన్ని, బయటివి ఎన్ని?
(2) మన లీటరు మిగులు ఎంత? ప్రతి చెల్లింపు దారికి అందులో ఎంత పోతుంది?
(3) వినియోగదారుడు డబ్బు వాపసు కోరితే ఎవరు, ఎన్ని రోజులలో ఇస్తారు?
(4) యాప్ ఆగిన రోజున పాల డబ్బు ఎలా వసూలు చేస్తాము?

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము మినిట్స్ పుస్తకములో వ్రాసుకున్న తరువాతనే యాప్ ఒప్పందముపై సంతకము చేయవలసినదిగా కోరుతున్నాము. రేట్లు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటాయి గనుక, సంతకము చేసే నాటి రేటును కాగితముపై వ్రాయించుకొని ఆ లెక్కతోనే నిర్ణయించండి. పాలు పితికే చేతికి రావలసిన పైస దారిలో జారిపోకుండా చూడడమే సహకార సంఘం పని.