400 డాలర్ల మడత చాకు: రోజూ వాడితే ఆ డబ్బు దేనికి పనికొస్తుంది?

చార్జింగ్ పెట్టక్కర్లేదు, అప్‌డేట్లు రావు, యాప్ లేదు. అయినా మన గాడ్జెట్ ప్రియుల జేబుల్లో ఫోన్, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంక్ పక్కన మెల్లగా చోటు సంపాదించుకున్న వస్తువు మడత చాకు. ‘ఎవ్రీడే క్యారీ’, పొట్టిగా ‘ఈడీసీ’ అంటే రోజూ వెంట ఉంచుకునే సామాను. వంద రూపాయల చాకు నుంచి 400 డాలర్లు దాటే చాకు దాకా అన్నీ ఇందులోకే వస్తాయి.

అయితే అందరూ అడిగేది ఒకటే. వంద రూపాయల చాకూ పార్సిల్ కోస్తుంది, 400 డాలర్లదీ అదే పార్సిల్ కోస్తుంది. మరి అంత డబ్బు ఎక్కడికి పోతోంది? కొన్నాక దాన్ని ఎలా చూసుకోవాలి? మన దగ్గర జేబులో పెట్టుకుని తిరగొచ్చా? ఈ పాఠంలో ఇవన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం. ఉదాహరణకు ఈ తరగతిలో అందరూ కొలబద్దగా చూసే క్రిస్ రీవ్ సెబెంజా 31 తీసుకుంటున్నాం.

ముందు చాకు గురించి నాలుగు ముక్కలు

క్రిస్ రీవ్ దక్షిణాఫ్రికాలో చాకులు చేయడం మొదలుపెట్టి, తర్వాత అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బోయిసీకి వెళ్ళి స్థిరపడ్డారు. ‘సెబెంజా’ అంటే జులు భాషలో ‘పని’. పేరులోనే విషయం ఉంది: ఇది పనిముట్టు, షోకేసు బొమ్మ కాదు. ఇప్పుడున్న 31 మోడల్ 2019లో వచ్చింది.

- చిన్న సైజు: బ్లేడు సుమారు 76 మి.మీ., బరువు సుమారు 85 గ్రాములు
- పెద్ద సైజు: బ్లేడు సుమారు 92 మి.మీ., బరువు సుమారు 133 గ్రాములు
- పిడి: 6ఏఎల్‌4వి టైటానియం
- బ్లేడు ఉక్కు: మొదట ఎస్45విఎన్, తర్వాత మాగ్నాకట్
- లాక్: ఫ్రేమ్ లాక్

పిడిలోని టైటానియం మీకు కొత్తేమీ కాదు. దీన్నే గ్రేడ్ 5 అంటారు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో ఫ్రేమ్‌కి వాడింది ఇదే రకం. ఉక్కు బరువులో సగం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, తుప్పు పట్టదు. కానీ గీతలు పడవనుకోకండి. తాళాల గుత్తితో ఒకే జేబులో వేస్తే వారంలోనే గీతలు కనిపిస్తాయి. పనికి ఏ ఇబ్బందీ లేదు గానీ, కొత్తలో మనసు చివుక్కుమంటుంది.

డబ్బు వెళ్ళేది మూడు చోట్లకి

ఒకటి, లాక్. మడత చాకులో ప్రమాదమంతా ఒక్క చోటే: కోస్తుండగా బ్లేడు వెనక్కి మడుచుకుని వేళ్ళ మీద పడటం. దీన్ని ఆపడానికి క్రిస్ రీవ్ 1987లో ఫ్రేమ్ లాక్ రూపొందించారు. పిడిలో ఒక వైపు పలకనే పొడవునా చీల్చి, ఆ చీలిన భాగం స్ప్రింగ్‌లా లోపలికి వంగి బ్లేడు వెనక ఆనుకునేలా చేశారు. మనం పిడిని గట్టిగా పట్టుకునే కొద్దీ మన వేళ్ళే ఆ పలకని లోపలికి నొక్కుతాయి. అంటే ఎంత గట్టి పట్టు పడితే లాక్ అంత భద్రం. 31 మోడల్‌లో బ్లేడుని తాకే చోట చిన్న సెరామిక్ బంతి పెట్టారు. టైటానియం నేరుగా ఉక్కుకి రాసుకుంటే మెల్లగా అరిగిపోతుంది. సెరామిక్ అంత తొందరగా అరగదు.

రెండు, ఉక్కు. మామూలు ఉక్కుని కరిగించి పోస్తే, చల్లారే లోపు అందులోని కార్బైడ్లు పెద్ద పెద్ద ముద్దలుగా కడతాయి. ఉప్మాలో ఉండలు కట్టినట్టన్నమాట. పౌడర్ పద్ధతిలో కరిగిన ఉక్కుని గ్యాస్‌తో తుంపరగా చిమ్మి పొడి చేస్తారు. ఆ పొడిని వేడి, ఒత్తిడి పెట్టి మళ్ళీ ఒకే దిమ్మగా కలుపుతారు. ఉండలు లేని మెత్తని పిండి వస్తుంది. మాగ్నాకట్ ఇలా తయారైందే. లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ దీన్ని రూపొందించారు, 2021లో బయటికొచ్చింది. పదును నిలవడం, అంచు పెచ్చులూడకపోవడం, తుప్పు పట్టకపోవడం మూడూ ఒకేసారి కుదరవని అంటుంటారు. ఈ ఉక్కు ఆ మూడింటినీ చాలావరకు దగ్గరికి తెచ్చింది.

మూడు, విప్పి బిగించగలగడం. గాడ్జెట్ కోణంలో నాకు బాగా నచ్చిన పాయింట్ ఇదే. మన ఫోన్లు జిగురుతో మూసేసి వస్తున్నాయి, బ్యాటరీ మార్చాలంటే సర్వీస్ సెంటరే గతి. సెబెంజా మాత్రం డబ్బాలోనే అలెన్ కీ, గ్రీజు ట్యూబు పెట్టి ఇస్తారు. మొత్తం విప్పేసి, కడిగి, తుడిచి, మళ్ళీ బిగిస్తే ముందులాగే నడుస్తుంది. ఆడే భాగాల మధ్య ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు ఉంటాయి, వాటిలో బాల్ బేరింగులు లేవు. దుమ్ము చేరినా గరగరలాడదు. భాగాలు కొలతకి అంత కచ్చితంగా కోయడానికే ఖర్చు ఎక్కువ. కంపెనీకి పంపితే శుభ్రం చేసి, సానబట్టి పంపే సర్వీసు కూడా ఉంది. దాన్ని అభిమానులు సరదాగా ‘స్పా’ అంటారు.

ఈ మూడింట్లో ‘పదును’ లేదని గమనించారా? అదే అసలు పాఠం. అట్టపెట్టెలు కోస్తే ఏ చాకైనా మొద్దుబారుతుంది. అట్టలో దుమ్మూ ఇసుకా కలిసి ఉంటాయి. ఖరీదైన ఉక్కు కాస్త ఆలస్యంగా మొద్దుబారుతుంది, అంతే. ఆ తర్వాత పదును పెట్టే బాధ్యత మనది. సానబట్టడం రానివాడి చేతిలో 400 డాలర్ల చాకు ఆరు నెలల తర్వాత, పదునున్న వంద రూపాయల చాకు కంటే దండగ.

రోజువారీ వాడకం ఎలా ఉంటుంది?

మొదటి వారం ఊరికే తెరిచి మూస్తూ ఉంటారు. తర్వాత పనులు వాటంతట అవే దొరుకుతాయి. అమెజాన్ పార్సిల్ టేపు, బియ్యం బస్తా మూతి కుట్టు, కొత్త చొక్కా ట్యాగు, పాల ప్యాకెట్ మూల, ఆఫీసులో జామకాయ. పండ్లకి 76 మి.మీ. బ్లేడు చాలు. మామిడికాయ కోశాక మాత్రం వెంటనే కడిగి, తడి లేకుండా తుడవండి. స్టెయిన్‌లెస్ అన్నా పులుపూ ఉప్పూ గంటల తరబడి ఉంటే మచ్చ పడే అవకాశం ఉంది. ఇరుసు దగ్గర చేరిన రసం ఎండితే బ్లేడు బిగుసుకుంటుంది కూడా.

వంటింట్లో కత్తిపీటకి ఇది బదులు కాదు. కొబ్బరికాయ, ఎముక, డబ్బా మూత, స్క్రూ జోలికి అసలే వెళ్ళొద్దు. చాకు కోయడానికే, పెకలించడానికి కాదు. మొన విరిగితే మళ్ళీ రూపం తేవడానికి బోలెడు ఉక్కు అరగదీయాలి.

ఇంకో మాట: ఫోన్ ఉన్న జేబులో చాకు వద్దు. క్లిప్పు అంచులు, జేబులోని ఇసుక రేణువులు కలిసి స్క్రీన్ సంగతి చూస్తాయి.

సానబట్టడం: ఇంట్లోనే నేర్చుకోండి

సైకిల్ మీద సానచక్రంతో వచ్చే అతను కొడవలికి, కత్తిపీటకి చక్కగా పదును పెడతాడు. ఈ చాకు మాత్రం అతనికి ఇవ్వకండి. నీళ్ళు లేకుండా వేగంగా తిరిగే చక్రం దగ్గర సన్నని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది. కంటికి ఏమీ కనపడదు గానీ, ఆ తర్వాత పదును రెండు రోజులు కూడా నిలవదు. మీరు డబ్బు పెట్టిన గుణమే పోయిందన్నమాట.

ఇంట్లో చేసే పద్ధతి ఇది:

1. రాయి: డైమండ్ ప్లేట్ తీసుకోండి, ఒకవైపు 400, రెండోవైపు 1000 గ్రిట్ ఉన్నది చాలు. మాగ్నాకట్‌లోని వెనేడియం కార్బైడ్లు మామూలు సానరాళ్ళ కంటే గట్టివి, అందుకే వజ్రపు పొడి కావాలి.
2. కోణం: ఒక్కో వైపు 17 నుంచి 20 డిగ్రీలు. కొలవడానికి ఓ చిట్కా: కాగితం మూలని సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్ళీ సగం మడిస్తే 22.5. దానికంటే ఓ పిసరు తక్కువగా పట్టుకోండి.
3. మార్కర్: అంచు పొడవునా పర్మనెంట్ మార్కర్‌తో గీయండి. రెండు మూడు సార్లు రాయి మీద లాగి చూడండి. రంగు సరిగ్గా చివరి అంచు దాకా పోతే కోణం కుదిరినట్టు. పైన మాత్రమే పోతే బ్లేడు మరీ పడుకోబెట్టారు, కాస్త లేపండి.
4. గరుకు: ఒక వైపు రుద్దాక, రెండో వైపు అంచు దగ్గర గోరుకి సన్నగా తగిలే గరుకు వస్తుంది. పొడవునా అది వచ్చేదాకా ఆగి, అప్పుడు వైపు మార్చండి. పదును రాలేదనేవాళ్ళలో చాలామంది ఇది రాకముందే వైపు మార్చేస్తుంటారు.
5. తోలు: చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు మీద, అంచు వెనక్కి ఉండేలా పదిసార్లు లాగండి. పాతకాలం మంగలి షాపుల్లో క్షౌరం కత్తిని తోలుపట్టీ మీద లాగడం చూసే ఉంటారు, అదే పని.

పదును చూడటానికి బొటనవేలు వద్దు. న్యూస్‌పేపర్ ముక్క చాలు. చిరగకుండా, ఆగకుండా తెగితే సరే. పూర్తిగా మొద్దుబారేదాకా ఆగకుండా, నెలకోసారి 1000 వైపు మీద నాలుగు సార్లు లాగితే పెద్ద పని తప్పుతుంది.

ఇరుసుకి వంటనూనె, కొబ్బరినూనె వేయకండి, కొన్నాళ్ళకి జిగటగా మారతాయి. పళ్ళు కోసే చాకు కాబట్టి ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ ఒక చుక్క చాలు, లేదా డబ్బాలో ఇచ్చిన గ్రీజు. విప్పేటప్పుడు కింద పళ్ళెం పెట్టుకోండి. ఆ చిన్న స్క్రూ మంచం కింద పడితే మళ్ళీ దొరకదు.

చట్టం సంగతి: ఇది వదిలేయకండి

ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకి చేసినవి దానికి మినహాయింపు. ఆ లెక్కన సెబెంజా చాలా చిన్నది. కానీ కథ అక్కడితో అయిపోదు.

- ఢిల్లీ: 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం బటన్ లాంటి యంత్రాంగంతో తెరుచుకునే చాకుల్లో, బ్లేడు 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు లేదా అంతకు మించి ఉంటే పట్టుకుంటారు. అక్కడికి వెళ్ళేటప్పుడు లాక్ ఉన్న మడత చాకు జేబులో పెట్టుకోకపోవడమే మంచిది.
- నిషేధాజ్ఞలు: పండగలు, ఎన్నికల సమయంలో పోలీసులు కత్తులు వెంట ఉంచుకోవద్దని ఉత్తర్వులు ఇస్తుంటారు. ఆ రోజుల్లో ఇంట్లో పెట్టేయండి.
- విమానం: హ్యాండ్ బ్యాగులో వద్దు, చెక్-ఇన్ సామానులో మాత్రమే. సెక్యూరిటీ దగ్గర గుర్తొస్తే చాకు మీద ఆశ వదులుకోవాల్సిందే.
- మెట్రో, మాల్, అలిపిరి: తనిఖీ ఉన్న ఏ చోటికైనా తీసుకెళ్ళకండి. ‘పండ్లు కోసుకోవడానికండీ’ అంటే అక్కడ వినరు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి లెక్క మారుతుంది. టెక్సాస్‌లో 5.5 అంగుళాలు దాటిన బ్లేడుకే చోట్లని బట్టి ఆంక్షలు. బ్రిటన్‌లో అయితే సరైన కారణం లేకుండా వెంట ఉంచుకోగలిగేది లాక్ లేని, 3 అంగుళాల లోపు మడత చాకు మాత్రమే. సెబెంజాకి లాక్ ఉంది కాబట్టి అక్కడ కుదరదు. ఉన్న ఊరి రూల్ చూసుకున్నాకే కొనండి.

నకిలీలు జాగ్రత్త

పేరున్న చాకు కాబట్టి సెబెంజాకి అచ్చు నకళ్ళు ఆన్‌లైన్‌లో బోలెడు. ధర అసలు దానిలో పదో వంతు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు, అది నకిలీ. పైకి ఒకేలా ఉన్నా లాక్ కుదురుగా ఉంటుందన్న గ్యారెంటీ లేదు, ఉక్కు ఏదో తెలియదు. ముందే చెప్పుకున్నట్టు డబ్బు వెళ్ళే మూడు చోట్లలో ఆ రెండూ ఉన్నాయి. కంపెనీ గుర్తించిన డీలర్ల దగ్గరే తీసుకోండి.

మరి కొనాలా?

మీకు సానబట్టడం వచ్చు లేదా నేర్చుకునే ఓపిక ఉంది, వస్తువుని పదేళ్ళు వాడే అలవాటుంది, రోజూ కోసే పని ఉంది అంటే, సెబెంజా డబ్బు వృథా కాదు. విప్పి బాగుచేసుకోగలిగేది కాబట్టి మధ్యలో నాలుగు ఫోన్లు మారినా ఇది ఉంటుంది.

ఈడీసీ కొత్త అయితే ముందు ఓపినెల్ నంబర్ 8 కానీ, చిన్న విక్టోరినాక్స్ కానీ తీసుకోండి. ఓపినెల్‌కి ఇరుసు దగ్గర తిప్పే ఇనుప రింగే లాక్, చేత్తో పట్టుకుంటే తేలిక. విక్టోరినాక్స్ స్విస్ ఆర్మీ చాకుల్లో చిన్నవాటికి లాక్ ఉండదు కాబట్టి బ్లేడు వెనక్కి మడుచుకోకుండా మీరే చూసుకోవాలి. ఒక డైమండ్ ప్లేట్ కొని వాటి మీద ఆరు నెలలు చేయి తిప్పండి. వాటికి పదును తెప్పించడం వచ్చాక కూడా రోజూ జేబులో చాకు ఉండాలని అనిపిస్తే, అప్పుడు సెబెంజా గురించి ఆలోచించండి.

ఏ చాకైనా సరే, వాడాక తుడిచి, మూసి, పిల్లలకి అందని చోట పెట్టండి.