శిశుతరగతిలో ఇంటి పలుకు

శిశువు బడిలో అడుగు పెట్టేనాటికే ఒక భాషను, ఒక బాంధవ్యలోకాన్ని వెంటబెట్టుకొని వస్తాడు. అక్షరమింకా అబ్బని ఆ వయస్సులో ఇంటి పలుకే అతని ఆస్తి. దానిని గుర్తించడం శిశుతరగతి ఉపాధ్యాయుల ప్రథమ కర్తవ్యమని మా అభిప్రాయం.

మన ప్రాంతపు ముస్లిం కుటుంబాలన్నిటిదీ ఒకే ఇంటిభాష కాదు. కొన్ని ఇళ్ళలో ఉర్దూ లేక దక్కనీ, కొన్నిటిలో తెలుగు, అనేక గృహాలలో రెండూ కలగలసి వినిపిస్తాయి. చుట్టరికపు పిలుపులనే పరిశీలిద్దాం. తెలుగు బాలునికి ‘నాన్న’ కన్నతండ్రి. ఉర్దూ బాలునికి ‘నానా’ మాతామహుడు. తెలుగులో ‘బావ’ అక్కమగడో, మేనత్త కొడుకో; దక్కనీ పలికే కొన్ని ఇళ్ళలో ‘బావా’ అంటే సాక్షాత్తు తండ్రే. “మా బావా వచ్చారు” అని నాలుగేళ్ళ పసివాడు అన్నపుడు తరగతి నవ్వి, ఉపాధ్యాయుడు తప్పు దిద్దితే ఆ బిడ్డకు ఏమని తోస్తుంది? తండ్రిని పిలిచే పిలుపే దోషమని తోస్తుంది. పిదప అతడు మౌనం వహిస్తాడు. ఆ మౌనాన్ని మనం మందబుద్ధిగా లెక్కిస్తాం.

భాషాల్పసంఖ్యాక బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు కృషి చేయాలని, 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీల ద్వారా పూర్వ ప్రాథమిక విద్యను పల్లెలకు చేర్చింది. అయినను ఈ ఆశయం సఫలం కావడం తరగతి గదిలోని మాటతీరుపైననే ఆధారపడి ఉన్నది.

ఇందుకు వ్యయం అక్కరలేదు. ప్రతి బిడ్డ ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తాడో మొదటి వారంలోనే పెద్దలనడిగి వ్రాసుకోవాలి. తండ్రి గల్ఫులో ఉండగా నానీ వద్ద పెరిగే పిల్లలున్నారు, తండ్రి లేని పిల్లలున్నారు. కావున “నాన్నను తీసుకురా” అనడానికి బదులు “ఇంటి పెద్దలను తీసుకురా” అనడం ఉచితం. బిడ్డ ‘పానీ’ అని అడిగితే ముందు దాహం తీర్చి, తరువాత ‘నీళ్ళు’ అనే మాటను జతచేయాలి. ఇట్లా చేస్తే ఉర్దూ నిలుస్తుంది, తెలుగూ అలవడుతుంది.

ఇరుభాషల బాంధవ్య పదాల పట్టికను మన ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు కలిసి సిద్ధపరచాలని, సమీప శిశుపాఠశాలలకు దానిని అందజేయుటకు కళాశాల పాలకవర్గం తోడ్పడాలని కోరుతున్నాం.