ఉపగ్రహం వచ్చే వేళకు ఎవరు లేవాలి?

వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా ఇచ్చిన రోజుల్లో మా ఊరి రైతులు అర్ధరాత్రి లేచి, చేనుకు పోయి మోటారు వేసేవాళ్ళు. పాము కరిచి, షాకు కొట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. తర్వాత ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఉపగ్రహ సంకేతాలను అందుకునే చిన్న భూకేంద్రానికి కూడా అట్లాంటి ఏర్పాటే కావాలి.

2024 ఫిబ్రవరి 29న రష్యా ప్రయోగించిన మీటియార్-ఎం 2-4 వాతావరణ ఉపగ్రహాన్నే తీసుకుందాం. సుమారు 820 కి.మీ. ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, 137 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో మేఘాల చిత్రాలు పంపడానికి దాన్ని నిర్మించారు. రెండు కడ్డీల ఏంటెన్నా, చిన్న రిసీవరు, లైనక్స్ కంప్యూటరు ఉంటే వాటిని ఎవరైనా అందుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే. అది మన ఆకాశంలో ఉండేది మహా అయితే 15 నిమిషాలు. పైగా వచ్చే వేళ రోజూ మారుతుంది.

లైనక్స్‌లో 'క్రాన్' అనే సదుపాయం ఉన్నది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని దానికి అయిదు గళ్ళు. చుక్కగుర్తు పెడితే 'ఏదైనా సరే' అని అర్థం. '10 2 * * *' అని రాసి, పక్కన పని పేరు రాస్తే, రోజూ రాత్రి 2-10కి ఆ పని జరుగుతుంది. కాని వేళ మారే పనికి ఇది చాలదు గదా! అందుకు 'ఎట్' అనే మరో ఆజ్ఞ ఉంది. క్రాన్ ఏడాది జీతగాడైతే, ఎట్ ఒక్క పనికి పిలిచిన కూలి. రోజూ క్రాన్ కొత్త కక్ష్యా వివరాలు తెచ్చి, రాబోయే 24 గంటల్లో ఉపగ్రహం ఎప్పుడెప్పుడు వస్తుందో లెక్క కట్టించి, 20 డిగ్రీల కంటె ఎత్తుకు వచ్చే ప్రతి సారికీ ఒక్కొక్క ఎట్‌ను నియమిస్తుంది.

మా హాస్టలు డాబా మీద ఇదంతా పెట్టాం. మొదటి వారం ఒక్క చిత్రమూ రాలేదు. లెక్క వచ్చేది అంతర్జాతీయ కాలమానంలో, గడియారమేమో మన కాలమానంలో. ఉదయం 9-40కి రావలసిన ఉపగ్రహం కోసం మా యంత్రం 4-10కే లేచి, ఖాళీ ఆకాశాన్ని శ్రద్ధగా రికార్డు చేసి పెట్టింది!

ఇంకో మూడు జాగ్రత్తలు. క్రాన్‌కు ప్రోగ్రాముల దారులు సరిగా తెలియవు; పూర్తి చిరునామా రాయాలి. సెకనుకు 10 లక్షల నమూనాలు, ఒక్కొక్కటి 2 బైట్లు చొప్పున 15 నిమిషాలకు 180 కోట్ల బైట్లు. రోజుకు నాలుగు సార్లయితే 32 గిగాబైట్ల కార్డు అయిదు రోజుల్లోపే నిండుతుంది. కాబట్టి పాతవాటిని తుడిచే పని కూడా క్రాన్‌కే అప్పగించాలి. కరెంటు పోయి వస్తే, వేళ దాటిన పనిని ఎట్ అప్పుడు మొదలు పెడుతుంది. ముందు టైము చూసుకోమని ప్రోగ్రాములోనే రాయాలి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యండని రైతులకు చెప్పవలసి వచ్చింది. అవసరం లేకున్నా మోటార్లు తిరిగి భూగర్భజలం తోడేస్తాయి మరి. పని జరగడం వేరు, ఫలం దక్కడం వేరు. అందుకే ఇప్పుడు మా యంత్రం రోజూ రాత్రి ఒక పంక్తి రాస్తుంది: ఎన్నిసార్లు విన్నది, ఎన్ని చిత్రాలు వచ్చినవి. రెండో అంకె సున్నా అయితే డాబా ఎక్కవలసింది మనమే.