స్వాధీనపు తగాదాలు – కోర్టు ధిక్కారం

కోర్టు ధిక్కారమనగానే మన విద్యార్థి మిత్రులకు వెంటనే జ్ఞాపకం వచ్చేది రాజకీయ నాయకులు, పత్రికా సంపాదకులు, న్యాయమూర్తుల మీద విసుర్లు. 1970లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ గారి కేసులో సుప్రీంకోర్టు జరిమానాను యాభై రూపాయలకు తగ్గించి శిక్షను ఖాయం చేసిన సంగతి ప్రతి పాఠ్యగ్రంథంలోనూ ఉంటుంది. కాని మునసబు కోర్టు వరండాలో (ఇప్పుడు దాన్ని జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అంటున్నాం, జనం నోట మాత్రం పాతపేరే) ఒక పూట నిలబడి చూడండి. అక్కడ ధిక్కారమన్న మాట వినిపించేది గట్ల గురించీ, దారుల గురించీ, తాళం పగలగొట్టిన కొట్ల గురించీ.

గత వేసవి సెలవుల్లో ఒక సీనియరు ప్లీడరు గారి దగ్గర కాగితాలు సర్దే పని మీద కూర్చున్నాను. ఒక ముసలి రైతు ప్లాస్టిక్ సంచిలో డిక్రీ నకలు పెట్టుకుని వచ్చాడు. రెండెకరాల మాగాణి. తూర్పు గట్టు అవతలి ఆసామితో తగాదా. శాశ్వత ఇంజంక్షను కోసం దావా వేశాడు, మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, ఆరేళ్లకు దావా డిక్రీ అయింది. డిక్రీ అయిన మరుసటి ఏడు దమ్ముల కాలంలో అవతలివాడి ట్రాక్టరు గట్టు దాటి వచ్చి ఇరవై సెంట్లు కలుపుకుపోయింది. ఎవరో చెప్తే అదే కోర్టులో ఆర్డరు 39 రూలు 2-ఎ కింద పిటిషను పెట్టించాడు. అది రెండున్నరేళ్లు నడిచి కొట్టుపడింది.

"కోర్టు వద్దన్నాక గూడా వాడు నా చేలోకి దిగాడు గదా బాబూ! కోర్టు మాటకి ఆ మాత్రం విలువ లేదా? ధిక్కారం కేసు పెట్టి లోపలెయ్యరా?" అని అడిగాడు. ఆ పిటిషను ఎందుకు పోయిందో ఆయనకెవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, పరీక్ష పాసైన నాకూ ఆ క్షణాన తట్టలేదు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 2(బి) ప్రకారం కోర్టు తీర్పును గాని, డిక్రీని గాని, ఉత్తర్వును గాని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించడం, లేదా కోర్టుకిచ్చిన హామీని బుద్ధిపూర్వకంగా తప్పడం సివిలు ధిక్కారం. శిక్ష ఆరు నెలలకు మించని సాధారణ ఖైదు, రెండు వేలకు మించని జరిమానా. (యాభై ఏళ్ల కిందటి ఆ రెండు వేలు ఇప్పటికీ రెండు వేలే!) కింది కోర్టు తన ఉత్తర్వు ధిక్కారానికి ఈ చట్టం కింద తానే శిక్ష వేయలేదు. సెక్షన్ 10 ప్రకారం ఆ అధికారం హైకోర్టుది. అంటే 2019 జనవరి 1 నుంచి మనకు అమరావతిలో ఒకటి, హైదరాబాదులో ఒకటి.

ఐతే కింది కోర్టు చేతులు కట్టుకుని కూర్చోవలసిందేనా? కాదు. 1976 సవరణతో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోకి వచ్చిన రూలు 2-ఎ ఉన్నది ఇందుకే. రూలు 1, 2 కింద ఇచ్చిన ఇంజంక్షనును మీరినవాడి ఆస్తిని జప్తు చేయవచ్చు, మూడు నెలలకు మించకుండా సివిలు జైలుకూ పంపవచ్చు. ఇది ధిక్కార శిక్షాధికారం వంటిదేనని 2009లో ఫుడ్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక రుజువు కూడా ఆ స్థాయిలోనే ఉండాలి. ఉత్తర్వు సంగతి ప్రతివాదికి తెలుసునని చూపాలి, తెలిసే మీరాడని చూపాలి. "ఊరంతా తెలుసండీ" అంటే చాలదు. చేతిలో దారం ఉన్నవాడే ఇలాంటి పిటిషను గెలుస్తాడు: రిజిస్టరు పోస్టు రసీదు, అడ్వకేట్ కమిషనరు రిపోర్టు, ఫొటోలు. ఉత్తర్వు తరవాత ఆ కోర్టుకు అధికార పరిధే లేదని తేలినా, ఈలోగా దాన్ని మీరినవాడు తప్పించుకోలేడని 1997లో తయ్యబ్‌భాయి కేసులో తీర్పు వచ్చింది. "ఉత్తర్వు తప్పని నాకు తోచింది, అందుకని పాటించలేదు" అనేది జవాబు కాదన్నమాట.

మరి ముసలాయన పిటిషను ఎందుకు పోయింది? కీలకం ఇక్కడుంది. మధ్యంతర ఉత్తర్వు దావా ఉన్నంతవరకే బతుకుతుంది. దావా డిక్రీ కాగానే అది డిక్రీలో కలిసిపోతుంది. కలిసిపోయిన ఉత్తర్వును మీరడమంటూ ఉండదు గనుక రూలు 2-ఎ కూడా ఉండదు. 2011లో సుప్రీంకోర్టు కన్వర్ సింగ్ సైనీ కేసులో సరిగా ఇదే చెప్పింది. అక్కడా ఇంటి స్వాధీనపు తగాదాయే. వాదిని ఖాళీ చేయించనని ప్రతివాది కోర్టులో చెప్పాడు, దాని మీద దావా డిక్రీ అయింది. తరవాత బలవంతంగా వెళ్లగొట్టాడని వాది రూలు 2-ఎ పిటిషను పెట్టాడు. అది హైకోర్టుకు ధిక్కారంగా వెళ్లింది, శిక్ష పడింది. సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. డిక్రీ అయ్యాక దారి ఆర్డరు 21 రూలు 32 కింద అమలు పిటిషను వేయడమేననీ, అమలు చేయించుకోవలసిన డిక్రీకి ధిక్కారం బదులుకాదనీ ఆ తీర్పు సారాంశం. విద్యార్థులు ఈ ఒక్క తీర్పు పూర్తిగా చదివితే నోట్సు పుస్తకాలు నాలుగు చదివినంత.

హైకోర్టుకు పోవచ్చు గదా అంటారా? అక్కడ సెక్షన్ 20 అడ్డం నిలుస్తుంది. ధిక్కారం జరిగిన నాటి నుంచి ఏడాది దాటితే చర్య ఉండదు. ఏడాదిలోగా పిటిషను దాఖలైతే చాలునని 2001లో పల్లవ్ షేఠ్ కేసు కొంత వెసులుబాటు ఇచ్చింది. స్వాధీనం అప్పగిస్తానని హామీ ఇచ్చి అప్పగించకపోవడం రోజురోజూ సాగే తప్పిదమని 1989లో సుప్రీంకోర్టు అన్న సందర్భమూ ఉంది. కాని ఒకనాడు గట్టు దాటి ఆక్రమించడం ఆనాటితోనే ముగిసిన పని అని అవతలి ప్లీడరు తప్పక వాదిస్తాడు. మన రైతుకు రెండున్నరేళ్లు దాటనే దాటాయి.

ఇంకొక చిక్కు "యథాతథ స్థితి" ఉత్తర్వులది. యథాతథం అంటే ఏ స్థితి? స్వాధీనంలో ఎవరున్నారో ఉత్తర్వులో రాయకపోతే ఇద్దరూ అదే కాగితం పట్టుకుని చేలోకి దిగుతారు, ఒకరి మీద ఒకరు ధిక్కారం పెడతారు. స్థితి ఏదో చెప్పకుండా ఇటువంటి ఉత్తర్వు ఇవ్వడాన్ని 2006లో కిశోర్ కుమార్ ఖైతాన్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ధిక్కారం వినే కోర్టు ఉత్తర్వు నాలుగు గోడలు దాటి పోకూడదని 2014లో సుధీర్ వాసుదేవ కేసులోనూ చెప్పారు. కాబట్టి అసలు స్వాధీనం ఎవరిదన్న ప్రశ్నను ధిక్కార పిటిషనులో తేల్పించుకుందామనుకోవడం వృథా ప్రయాస. ఇది తెలిసీ కొందరు ప్లీడర్లు అవతలివాణ్ణి బెదిరించడానికే ధిక్కారం వేస్తారు. ఫీజు వస్తుంది, పొలం రాదు.

ఇక మన రైతుకు ఏం మిగిలింది? కొత్తగా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేద్దామంటే దానికి ఆరు నెలలే గడువు. నేను అంతా అయిపోయిందనే అనుకున్నాను. ప్లీడరు గారు మాత్రం లిమిటేషన్ చట్టం తీసి 136వ ఆర్టికల్ కింద ఉన్న చిన్న మినహాయింపు నా చేత చదివించారు. డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువు, కాని శాశ్వత ఇంజంక్షను డిక్రీ అమలుకు ఏ గడువూ లేదు! పైగా రూలు 32(5) కింద కోర్టు చేయించగల పని అన్నది నిషేధపు ఇంజంక్షనుకు కూడా వర్తిస్తుందని 2002 సవరణలో ఒక వివరణ చేర్చారు. అంటే అవతలివాణ్ణి సివిలు జైలుకు పంపమనడమే కాదు, గట్టు తిరిగి పోయించమని కూడా అడగవచ్చు.

"ఐతే వాడు జైలుకి పోడా బాబూ?" అన్నాడు ముసలాయన, కొంచెం నిరుత్సాహంగా.

"జైలు సంగతి తరవాత, ముందు నీ ఇరవై సెంట్లు కావాలా వద్దా పెద్దాయనా?" అన్నారు ప్లీడరు గారు.

డిక్రీ షెడ్యూలు తిరగేస్తే సర్వే నంబరు ఉంది, నాలుగు హద్దులూ ఉన్నాయి, కొలతలు మాత్రం లేవు. ఇరవై సెంట్లు ఎక్కడి నుంచి ఎక్కడికో చూపలేకపోతే అమలు పిటిషనూ వాయిదాల్లో పడుతుంది. అందుకని మర్నాడు రెండు కాగితాలు తయారు చేశాం. ఒకటి అమలు పిటిషను. రెండోది సర్వేయరు సాయంతో పొలం కొలిపించడానికి కమిషనరును వేయమనే దరఖాస్తు. వేలిముద్ర వేయబోతూ ఆయన ఆగి, "నేను సంతకం పెడతాను బాబూ" అని కళ్లజోడు సవరించుకుని మెల్లగా తన పేరు రాశాడు.